సాగని అంగ

మా పొలాల సాయం ఆఫీసులో కొలతల ఆఫీసరుగారికి ఒకటే జబ్బు: ఏ పొలాన్నయినా తన కాళ్లతోనే కొలవాలి. గవర్నమెంటు ఇచ్చిన టేపు చెమ్మ పట్టిన బీరువాలో తుప్పు పడుతుండేది. "టేపు ఎండకి సాగుతుందోయ్. నా అంగ సాగదు. అంగంటే గజం. ముప్పై ఏళ్లుగా వెంట్రుకవాసి తేడా లేదు" అనేవారు. అందరూ ఆయన్ని అంగల ఆఫీసరు అనేవాళ్లు. ఆయన వెనకాల రిజిస్టరు మోసే ఉద్యోగం నాది.

ఇందులో ఒక చిక్కుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆయనకి లెక్క పోయేది. పోతే మళ్లీ గట్టు దగ్గర్నుంచి మొదలు. ఒక రైతు మర్యాదకి పోయి "నమస్కారమండీ" అన్నాడు. ఆయన వెనక్కి తిరిగారు. "అయ్యో, క్షమించండి" అన్నాడు రైతు. మళ్లీ వెనక్కి. "ఇంక నోరెత్తనండీ" అన్నాడు పాపం. ఆ పొలం తేలేసరికి పొద్దు గుంకింది. అప్పట్నుంచి ఆయన వస్తున్నారంటే జనం మూతికి తువ్వాలు కట్టుకునేవాళ్లు.

ఇంట్లోనూ అదే తంతు. ఆయన పెరడు కొలుస్తుంటే "భోజనం చల్లారిపోతోంది" అని వాళ్లావిడ కేకేసేది. "ముప్పై ఏడు... పోయింది!" అని అరిచేవారు ఈయన. "మా ఆయన వేడిగా తిన్నది పెళ్లిరోజునే నాయనా" అని ఆవిడ నాతో మొరపెట్టుకునేది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. పై ఆఫీసువాళ్లు దేవుణ్ని కూడా నమ్మరు గానీ ఆయన అంగని నమ్మేవాళ్లు. ఆయన రాయించిన పొలాన్ని మళ్లీ ఎవరూ కొలిచేవాళ్లు కాదు.

ఆ ఏడు ఏరు పొంగి ఒడ్డు పొలాలు కోసుకుపోయాయి. ఊరు ఊరంతా నీచువాసన. ఏటి పక్కనే ఒకావిడ పొలం. భర్త పోయి ఏడాది కాలేదు. వరద పోగా మిగిలిన నేల రెండెకరాలకి ఇసుమంత తగ్గినా సాయం లేదని రూలు. ఆవిడకి వరదకి ముందు సరిగ్గా రెండెకరాలే ఉండేది.

"విత్తనాలకి ఆ డబ్బే దిక్కు బాబూ. రాకపోతే ఇటుక బట్టీవాళ్లకి అమ్మేయడమే" అని నాతో గొంతు తగ్గించి చెప్పింది. ఆయన కొలత మొదలెట్టగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

వెడల్పు సరిపోయింది. పొడవు నూట పది అంగలు రావాలి. ఆయన ఏటివైపు నడిచారు. నేను మనసులో లెక్కపెట్టాను. తొంభై ఆరు దగ్గర నేల అయిపోయింది. అవతలంతా బురద నీళ్లే. నా ప్రాణం ఉసూరుమంది.

ఆయన ఆ నీళ్లకేసి, గట్టు మీద కొంగు కుక్కుకున్న ఆవిడకేసి చూశారు. ఉన్నట్టుండి నా మీద విరుచుకుపడ్డారు.

"ఏమన్నావ్?"

"నేనేం అనలేదండీ!"

"అన్నావు. లెక్క పోయింది!"

మళ్లీ గట్టు దగ్గరికి. ఈసారి నా లెక్కకి నూట మూడు వచ్చింది.

"మళ్లీ అన్నావ్!"

"ఒట్టు సార్..."

"ఇదిగో, ఇప్పుడూ అన్నావ్!"

మూడోసారి బురదలో చెప్పు తెగినవాడిలా బుల్లి బుల్లి అంగలేసుకుంటూ వెళ్లారు. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

"రాసుకో. నూట పదకొండు."

రాశాను. ఆవిడ కొంగు నోట్లో ఉండగానే చేతులు జోడించింది.

"కొలత అయిందమ్మా, ఇంక మాట్లాడొచ్చు" అన్నారాయన.

తిరుగుదారిలో ముసురు పట్టుకుంది. ఉండబట్టలేక అడిగాను.

"సార్, మూడోసారి మీ అంగ కాస్త..."

"మోకాళ్లోయ్. వయసు మీద పడింది."

అంతలో దూరాన బస్సు కనబడింది. ఆ మోకాళ్ల మనిషి గజం గజం అంగలేసుకుంటూ పోయి కిటికీ పక్క సీట్లో కూర్చున్నారు. నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని పరిగెత్తినా ఆయన్ని అందుకోలేకపోయాను. తన అంగ సాగదన్నారు గానీ, ముడుచుకోదని ఆయన ఏనాడూ అనలేదు.