తీసి చూడని సెటప్

2008 జూలైలో నన్ను రిలీజ్ టెస్టింగ్‌లో వేశారు. రాయపూర్ స్టేషన్‌కు దగ్గర్లో, రెండో అంతస్తులో మా ఆఫీసు. అంతకు ముందు ఏడేళ్లు ఆ ఆఫీసునే ఊడ్చాను, టీ పెట్టాను. చదువు ముప్పై రెండో ఏట మొదలుపెట్టాను. ముందు హిందీ, తర్వాత తెలుగు, ఇంగ్లీషు మాత్రం కంప్యూటర్ తెర మీదే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేదాన్ని కాబట్టి, అందరూ చూడకుండా ‘నెక్స్ట్’ నొక్కేసే చోట నేను ఆగేదాన్ని. అది చూసే మా డైరెక్టర్ ఈ పని ఇచ్చారు. జాలిపడి ఇచ్చారని కొందరన్నారు. మొదటి వారంలో పదకొండు తప్పులు పట్టాక ఆ మాట మళ్లీ వినపడలేదు.

మా సరుకేమిటో చెప్పాలి. ఏ ప్రోగ్రామైనా మీ కంప్యూటర్‌లోకి రావాలంటే ముందు సెటప్ అనేది నడుస్తుంది. ఫైళ్లను వాటి వాటి చోట్ల పెట్టడం, వద్దన్నప్పుడు తీసెయ్యడం దాని పని. అలాంటి సెటప్‌లు తయారుచేసుకునే సాధనాన్ని మేం అమ్మేవాళ్లం. అందులో తప్పుంటే, దానితో చేసిన ప్రతి సెటప్‌లోనూ అదే తప్పు. అందుకే కొత్త వెర్షన్ బయటికి వెళ్లాలంటే రిలీజ్ షీట్ మీద చివరి సంతకం టెస్టింగ్‌వాళ్లది.

ఆ నవంబరులో నాలుగో వెర్షన్ తయారైంది. రాసింది ప్రకాశ్. మాలాగే రైల్వే కుటుంబం, నన్ను పిన్నీ అనేవాడు. ప్రొబేషన్‌లో ఉన్నాడు; శుక్రవారానికి ఇది బయటికెళితే ఉద్యోగం ఖాయం చేస్తానని డైరెక్టర్ మాటిచ్చారు. లారీలను తూచే కాటాలకు ప్రోగ్రాం రాసే బీర్‌గావ్ సాహూ గారు ఆ శుక్రవారం మధ్యాహ్నమే వచ్చి సీడీ పట్టుకెళ్తానన్నారు.

మాకొక పద్ధతి ఉండేది. ప్రతి పరీక్షకు ముందు టెస్ట్ కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచేసి, కొత్తగా కొన్నట్టు చేసేవాళ్లం. షీట్‌లో ‘తీసివేత’ అని, సెటప్ తను పెట్టినదాన్ని సరిగా తీస్తోందో లేదో చూశాక టిక్ పెట్టే గడి ఒకటి ఉండేది. మెషీన్‌నే తుడిచేస్తున్నాం, అదీ తీసివేతే కదా అని అందరం అందులో టిక్ పెట్టేసేవాళ్లం. మంగళవారం ఈ నాలుగో వెర్షన్ షీట్‌లో నేనూ పెట్టాను.

శుక్రవారం పొద్దున చివరి పరీక్షకు కూర్చునేసరికి టెస్ట్ కంప్యూటర్ కాలిపోయింది. దిక్కులేక రిసెప్షన్‌లో జ్యోతి మెషీన్ మీద సెటప్ నడిపాను. అంతా బాగానే ఎక్కింది. కానీ ఆమె మెషీన్‌ను తుడవడానికి లేదు, ఆఫీసు హాజరు ప్రోగ్రాం అందులోనే ఉంది. కాబట్టి సెటప్ పెట్టినదాన్ని సెటప్‌తోనే తీయించాను. తీసేశానని తెర మీద శుభ్రంగా చెప్పింది. అయిదు నిమిషాలకు జ్యోతి పిలిచింది.

“దీదీ, హాజిరీ ఖుల్ నహీ రహా. ఆజ్ సబ్ కీ ఛుట్టీ?”

హాజరు తెరుచుకోవడం లేదు, ఇవాళ అందరికీ సెలవా అని. విషయం ఇదీ. మేం ఎక్కించిన ప్రోగ్రామూ హాజరు ప్రోగ్రామూ వాడుకునే ఉమ్మడి ఫైలు ఒకటుంది. పాత వెర్షన్ అయితే ఇంకెవరైనా వాడుతున్నారా అని చూసి వదిలేసేది. కొత్తది చూడకుండా చెరిపేసింది. ప్రకాశ్‌ను పిలిచి చూపించాను.

“పిన్నీ, పెట్టుకోడానికి కొంటారు గాని తియ్యడానికి ఎవడు కొంటాడు? ఛోడ్ దో నా, వదిలెయ్. సోమారం సరిచేసి పంపిస్తాను.”

“క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు నీ మంచం నువ్వు పట్టుకెళ్లు. పక్కింటోళ్ల కుళాయి కూడా పీక్కెళ్తే ఊరుకుంటారేటి?”

“నా కన్ఫర్మేషన్ పోద్ది పిన్నీ.”

“పోద్ది. కాటా ఆగిపోయి లారీలు రోడ్డు మీద నిలబడితే అప్పుడు నీ ఉద్యోగమే పోద్ది.”

లోపం ఉందని పక్కన రాసి సంతకం పెట్టమన్నారు డైరెక్టర్. పెడతాను గానీ ‘సిద్ధంగా లేదు’ అన్న గడిలో పెడతానన్నాను. ఆయన కిటికీ వైపు చూసి, సరే అన్నారు. మంగళవారం నేనే పెట్టిన ‘తీసివేత’ టిక్ కొట్టేసి, ఎందుకు కొట్టేశానో ఇంగ్లీషులో రాయాలి. స్పెల్లింగులు ప్రకాశ్‌నే అడిగాను. మొహం ముడుచుకునే ఒక్కో అక్షరం చెప్పాడు.

సాహూ గారు వచ్చారు. నేనే తీసుకెళ్లి జ్యోతి మెషీన్ చూపించాను. ఇంత దుమ్ములో ఇందుకా రప్పించారని మొదట విసుక్కున్నారు. పాతదాంట్లో ఈ గొడవ ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే పాతదే వాడుకుంటాను, గురువారం వస్తాను, చాయ్ మాత్రం ఇవాళే ఇవ్వండన్నారు. ఇచ్చాం.

ప్రకాశ్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు వచ్చి, “తీసి చూశాను పిన్నీ, హాజిరీ ఖుల్తా హై,” అన్నాడు. నేనూ మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీసి చూసి, సంతకం పెట్టాను. అతని కన్ఫర్మేషన్ రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. అప్పట్నుంచి టెస్ట్ కంప్యూటర్లో వేరేవాళ్ల ప్రోగ్రాములు మూడు ఎప్పుడూ ఉంచేవాళ్లం.

తర్వాత బీరువాలోంచి పాత షీట్లు తీసి చూసుకున్నాను. ‘తీసివేత’ గడిలో నా టిక్‌లు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చేసి చూసిన పనికి పెట్టింది కాదు. పదవీ విరమణ చేసేదాకా, షీట్‌లో టిక్ కనిపిస్తే అది ఎవరు, ఏ మెషీన్ మీద చేశారో అడిగాకే సంతకం పెట్టాను. టిక్ నాదైనా సరే.