శాశ్వత చిరునామా

మొన్న ఒక విద్యార్థిని ఉపకారవేతనం ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సంతకం చేయబోతుంటే ఫొటో కింద చిన్న బొడిపె వేలికి తగిలింది. అన్నం మెతుకుతో అంటించింది. పులిసిన వాసన ఇంకా పోలేదు. ఆ పిల్ల ఎదురుగా నిలబడే ఉంది, నేను మాత్రం భిలాయిలోని రిసాలిలో ఎలీషా మావయ్య వాకిట్లోకి వెళ్లిపోయాను. ఆయన కూడా ఫొటోలు మెతుకుతోనే అంటించేవారు. జిగురు సీసా కొనడం ఆయన దృష్టిలో దండగ.

ఎలీషా మావయ్య మాకు చుట్టం కాదు. వాళ్లు క్రైస్తవులు, భీమిలి వైపు నుంచి వచ్చారు. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో హాజరు పట్టీలు రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి వాకిట్లో మంచం వాల్చుకుంటే చాలు, చుట్టుపక్కల తెలుగువాళ్లంతా కాగితాలు పట్టుకుని చేరేవారు. రేషను కార్డు దగ్గర్నుంచి బడి దరఖాస్తు దాకా అన్నీ ఆయన చేతిరాతే. మనిషికి చాదస్తం ఎక్కువ. కొట్టివేత ఒక్కటి పడినా కొత్త ఫారం తెమ్మనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

నేను బి.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి నాన్న పనిచేసే కాంట్రాక్టరు పని ఎత్తేశాడు. ఫీజు కట్టే దారి లేదు. భిలాయిలోనే కోహ్కాలో, మా వీధి చివర ఎస్టీడీ బూత్‌లో కూర్చోవడానికి పిల్ల కావాలంటే, దీపావళి వెళ్లాక నన్ను పంపుతానని అమ్మ మాట ఇచ్చేసింది. ఈలోగా ఉపకారవేతనం వస్తే చదువు, లేకపోతే ఎస్టీడీ బూత్. కాలేజీ నోటీసు బోర్డు మీద ఉపకారవేతనాలు ఏవేవో ఉండేవి. ఏది ఎవరికో, ఏ కాగితం ఎక్కడ ఇస్తారో నాకు బొత్తిగా అంతుపట్టేది కాదు. డిమాండు, సప్లయి గీతలు కళ్లు మూసుకుని గీసేదాన్ని, ఆ హిందీ ఫారం ముందు మాత్రం తెల్లమొహం వేసేదాన్ని.

చివరికి మావయ్యే ఒక ఫారం ఎంచి నింపారు. శాశ్వత చిరునామా అన్నచోట నన్ను అడగకుండానే మా పల్లె పేరు రాసేశారు.

"మావయ్యా, నేను అక్కడ ఎప్పుడూ లేను కదా. మతలబ్, అది నా పర్మనెంట్ ఎలా అవుతుంది?" అన్నాను.

"అద్దిల్లు రేపుంటాదో ఉండదో. ఊరెక్కడికి పోతాదమ్మా?" అన్నారు.

మా తెలుగువాళ్లందరిదీ అదే అలవాటు. పుట్టి పెరిగిన ఇల్లు 'ప్రస్తుతం'. వేసవి సెలవుల్లో మూడు నాలుగుసార్లు చూసిన పల్లె 'శాశ్వతం'. అలా రాయకపోతే పెద్దవాళ్లకు తల కొట్టేసినట్టుండేది.

ఫారం తిరిగొచ్చింది. పక్కనే ఉన్న దుర్గ్‌లో ఉపకారవేతనాల ఆఫీసు గుమాస్తా శాశ్వత చిరునామా గడి మీద వేలు పెట్టి, "బేటీ, తుమ్ తో ఆంధ్రా కీ హో" అన్నాడు, నువ్వు ఆంధ్రా పిల్లవి కదా అని. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా ఏర్పడలేదు, మాది మధ్యప్రదేశ్. ఆ ఉపకారవేతనం ఈ రాష్ట్రం పిల్లలకే అట. ఊళ్లో మా పెదనాన్నను కనుక్కోమంటే, చదువు ఎక్కడో అక్కడే అడగమని అక్కడి ఆఫీసువాళ్లు అన్నారని ఉత్తరం రాశాడు. నేను ఎక్కడిదాన్నో ఎవరూ చెప్పలేకపోయారు. మా పాఠ్యపుస్తకంలో కూలి ఎక్కువ దొరికే చోటికి శ్రామికుడు తరలిపోతాడని ఒక అధ్యాయం ఉండేది. ఆ శ్రామికుడి కూతురు ఫారంలో ఏం రాయాలో అందులో లేదు.

ఫారం చూసి మావయ్య కళ్లద్దాలు తీసేశారు. "ఇన్నేళ్లూ అందరికీ ఇలాగే రాసీసేనమ్మా. ఎవరికేటి నష్టం చేసీసేనో ఏటో" అన్నారు. ఆయన తడబడడం నేను చూడడం అదే మొదటిసారి. మర్నాడు నాతో దుర్గ్ వచ్చి, తనకంటే చాలా చిన్నవాడైన ఆ గుమాస్తా ముందు నిలబడి, "గల్తీ మేరీ హై సాబ్, బచ్చీ కీ నహీఁ" అన్నారు, తప్పు తనదే, పిల్లది కాదని. ఇక్కడే స్థిరపడ్డామని నాన్న ప్రమాణపత్రం ఇస్తే మళ్లీ చూస్తానన్నాడు అతను.

ఆ సాయంత్రం స్టాంపు కాగితం మీద రాసిన ప్రమాణపత్రం మా ఇంటికి తెచ్చి మావయ్య నాన్నకు చదివి వినిపించారు.

"అయితే మాకు ఊరు నేదని రాసిమ్మంటారా?" అన్నాడు నాన్న.

"లేదని కాదు నాయనా. ఇక్కడే ఉంటామని."

"రెండూ ఒకటే కదేటి?"

"ఏమో. నాకూ తెలీట్లేదు" అన్నారు మావయ్య.

నాన్న సంతకం పెట్టాలని లోపల మొక్కుకుంటున్నాను. అలా మొక్కుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది. నాన్న నా వైపు చూడకుండా సంతకం పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. రెండు నెలలకు ఉపకారవేతనం వచ్చింది. బూత్‌లో వేరే అమ్మాయి కూర్చుంది.

చాలా ఏళ్ల తర్వాత మావయ్య పోయారు. రిసాలి ఇంట్లో అత్తయ్య పక్కన కూర్చుని, భీమిలి తీసుకెళ్లకుండా ఇక్కడే సమాధి చేశారేమని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"నీకు తెలీదేటి? నీ ఫారం రాసిన ఏడే మేం భీమిలి ఎల్లిపోవాల. సామాన్లు కూడా కట్టీసేం. మీ నాన్న చేత సంతకం పెట్టించొచ్చిన రోజు మూటలు విప్పీమన్నారు. ఒకడి చేత ఊరొదిలించి నేనెల్లి ఊళ్లో కూకుంటే ఏటి బాగుంటాదన్నారు."

అది మంచితనమో చాదస్తమో నేను తేల్చుకోలేకపోయాను. ఆ పని చేయమని ఆయన్ని ఎవరూ అడగలేదు. నన్ను చదివించింది ఒక సంతకం అనుకుంటూ వచ్చాను, దాని వెనక విప్పేసిన మూటలు కూడా ఉన్నాయని ఆ రోజే తెలిసింది. ఈ సంగతి నాన్నకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆయన మనసు తేలికపడుతుందో, ఇంకా బరువెక్కుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.