వంగపండు రంగు చూపే ఫోను

“...రంగు మారింది నీ కంటికి గాదు, ఫోనుకు అంటాండావు గదా. మరి అదే ఫోనులో నాకు వంగపండు వంగపండు మాదిరే కనపడతాందే?”

“నువ్వు చీర చూసినాక ఫోను చూస్తాండావు. చీర వద్దన్న ఆయమ్మ ఫోను చూసినాక చీర చూసింది.”

మైదుకూరు నుంచి కడపకు పోయే బస్సులో ముందు వరసలవాళ్లంతా ఈ మాటలు విన్నారు. ఆదెన్న కిటికీ వైపు తిరిగాడు. అతని భార్య చౌడమ్మ ఒడిలో సంచి సర్దుకుంది. అందులో అద్దం పగిలిన ఫోను, వెనక్కి వచ్చిన చీర, ఆ చీర నేసిన నూలులోనే మిగిలిన కట్ట, చిలప ఒకటి ఉన్నాయి. ఫోను కొనడానికి నూలు చిలప ఎందుకని ఆదెన్న పొద్దున ఇంటి దగ్గరే అడిగాడు. “చెప్పులు కొనేదానికి కాలు ఎత్తుకపోమా?” అంది ఆమె.

చౌడమ్మకు నలభై ఆరేళ్లు. పుట్టింది మగ్గం ఇంట్లో, మెట్టింది మగ్గం ఇంటికే. ఆమె తండ్రి నూలుకు రంగులు అద్దేవాడు. మిట్టమధ్యాహ్నం రంగు చెప్పకూడదని, లైటు కింద అసలు చెప్పకూడదని ఆయన నియమం. పొద్దెక్కే వేళ చిలపను గడప దగ్గరికి తెచ్చి కూతురికి చూపించేవాడు. ఆ పిల్ల ఎరుపు అంటే ఒప్పుకునేవాడు కాదు. “ఏ ఎరుపు? మిరపపండా, దానిమ్మ గింజా, ఇటికరాయా?” అని అడిగేవాడు. అనుమానం వస్తే ఆ వస్తువునే తెచ్చి నూలు పక్కన పెట్టి చూసుకోమనేవాడు.

పెండ్లయినాక నేత ఆదెన్నది, రంగు చౌడమ్మది. వీధిలో ఎవరింటికి కొత్త నూలు వచ్చినా ఒక పోగు తెచ్చి, “అక్కా, పోయినసారి రంగేనా ఇది?” అని అడిగిపోతారు. ఆమె చెప్పిన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. కరోనా వచ్చిన ఏడాది షావుకారు చీరలు తీసుకోవడం మానేస్తే, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపడం నేర్చుకుంది. అప్పటినుంచి ఆ ఫోనే వాళ్ల అంగడి. పోయిన నెల అది మగ్గం గుంటలో పడి పగిలింది. కొత్తది ఎట్లాగూ కొనాలి. ఏది కొనాలన్నదే తగవు.

ఆ తగవు కడపలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే భువన దగ్గర మొదలైంది. మూడేళ్లుగా చీరలు కొంటున్న మనిషి. ఈసారి ఫొటో చూసి రెండు చీరలు తెప్పించుకుని, ఒకటి తనకు ఉంచుకుని, తోటి లెక్చరర్ వద్దన్నదని రెండోది వెనక్కి పంపింది. ‘ఫొటోలో నీలం, చేతికొచ్చింది వంగపండు’ అని ఆ లెక్చరర్ మాట. తర్వాత భువన నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది: “కాలేజీ పండగకు పన్నెండుమందిమి ఒకే రంగు కట్టుకోవాలనుకుంటున్నాం అక్కా. నేను చీర చూసినా, మిగతావాళ్లు ఫొటోనే చూస్తారు. ఐఫోన్‌లో తీసి పంపు, దాంట్లో రంగులు సరిగ్గా వస్తాయంట. ఇంకోసారి తేడా వస్తే వాళ్లు షాపులో తెచ్చుకుంటారు.”

ఆ మెసేజ్‌ను చౌడమ్మ నాలుగుసార్లు విన్నది. పన్నెండు చీరల కంటే, తాను చెప్పిన రంగు తప్పని ఒకరు అనడం ఆమెకు మింగుడుపడలేదు.

కడపలో ఏడు రోడ్ల దగ్గర ఫోన్ల అంగట్లో, అంగడి యజమాని దావీదురాజు రెండు ఫోన్లు గల్లా బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్త ఆండ్రాయిడ్. ఇంకొకటి ఎవరో వాడి అమ్మిన ఐఫోన్. ధర రెండోదానిది ఎక్కువ. ఆదెన్న అది విని ఒక స్టూలు చూసుకుని కూర్చున్నాడు.

చౌడమ్మ ఐఫోన్ చేతిలోకి తీసుకుంది. “వెనక్కి పోయే గుర్తు యాడ ఉండాదప్పా?”

“గుర్తు లేదమ్మా. ఈ అంచు నుంచి వేలితో ఇట్లా తోయాల.”

ఆమె తోసింది. మళ్లీ తోసింది. “మగ్గంలో నాడె తోసినట్లుండాది.”

“నాడె రెండు పక్కలా పోతాది,” అన్నాడు ఆదెన్న స్టూలు మీదనుంచి. “దాన్ని ఆ పక్కనుంచి తొయ్యి, చూద్దాం.”

తోస్తే పోలేదు. దావీదురాజు నవ్వి, ఆమె ముఖాన్ని ఫోనుకు గుర్తు పట్టించాడు. తర్వాత ఆమె ఎత్తి చూడగానే తాళం తెరుచుకుంది. చౌడమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, మళ్లీ ఎత్తి చూసింది. నూలు లాగి లాగి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. పాత ఫోను వేలిని ఎన్నడూ గుర్తు పట్టలేదు. రేషన్ మిషనూ అంతే.

“రేషన్ డీలరు దగ్గర ఇట్లాంటిది పెట్టుంటే బాగుండు,” అంది. “సరే, మా పాత ఆర్డర్లు శానావరకు వాట్సాప్‌లో మాటల్లో చెప్పినవే. అవన్నీ దీంట్లోకి వస్తాయా?”

“వస్తాయి. కాకపోతే ఫోను మొదటిసారి పెట్టుకునేటప్పుడే మార్చుకోవాల, కాస్త ఓపిక పట్టాల. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు అయితే మీకు తెలిసిన దారే.”

అప్పుడు చౌడమ్మ చిలప బయటికి తీసి, రెండు ఫోన్లతో ఫొటో తీసింది. ఒకదాంట్లో నూలు నీలంగా వచ్చింది. ఇంకోదాంట్లో కొంచెం తక్కువ నీలంగా వచ్చింది.

“ఏ కెమెరాకైనా ఈ రంగుతో కష్టమే అమ్మా,” అన్నాడు దావీదురాజు.

“తప్పు నాదే. లైటు కింద చూస్తాండా.”

ఆమె వాకిలి వైపు నడిచింది. ఆమె చేతిలో రెండు ఫోన్లూ ఉండడంతో దావీదురాజు కూడా వెంట నడిచాడు. బయట తిరుపతమ్మ అనే ఆమె కూరగాయల బండి పెట్టుకుని ఉంది. బండి నీడలో చౌడమ్మ చిలప పట్టుకుని చూసింది. చూపు అక్కడినుంచి బుట్టలోకి పోయింది.

“వంకాయ ఒకటి ఇయ్యక్కా. చూసి ఇస్తా.”

“కూరకు ఒకటేం సరిపోతాది?”

“కూరకు గాదు, రంగుకు.”

తిరుపతమ్మ దావీదురాజు వైపు చూసింది. అతను తనకేమీ తెలియదన్నట్టు చేతులు తిప్పాడు. చౌడమ్మ నాలుగు కాయలు పక్కన పెట్టి ఒకటి ఎంచుకుంది. నూలు పక్కన ఆనించి, వాల్చి, తిప్పి చూసింది. కాయ ఒక పిసరు ముదురు, అంతే. రెండింటినీ కలిపి రెండు ఫోన్లతో ఫొటో తీసింది.

భువన క్లాసు ముగించుకుని, అంగడి దగ్గరికి వస్తానని చౌడమ్మకు చెప్పిన సమయానికే స్కూటర్ మీద వచ్చింది. ఆమె చేతిలోనూ ఐఫోనే ఉంది.

“మేడం, మీ ఫోనుతో కూడా ఒకటి తీయండి,” అంది చౌడమ్మ.

భువన తీసి, వేళ్లతో పెద్దది చేసి చూసింది. “ఈ వంకాయేంది అక్కా, ఇంత నీలంగా ఉండాది?”

చౌడమ్మ వంకాయ తీసి ఆమె చేతికి ఇచ్చింది. భువన కాయను చూసింది, ఫోను చూసింది, నూలు చూసింది. మిగతా రెండు ఫోన్లు కూడా అడిగి తీసుకుంది. మూడు ఫొటోల్లోనూ వంకాయలు మూడు రకాలుగా ఉన్నాయి. ఏ ఫొటోలో కాయ ఎంత మారిందో నూలూ అంతే మారింది.

“నాకు అర్థమైంది,” అంది భువన. “మావాళ్లకు ఎట్లా చెప్పేది? వాళ్ల చేతిలో ఉండేది ఫొటోనే గదా.”

“వంకాయను చూడనోళ్లు ఉన్నారా మేడం మీ కాలేజీలో?”

భువన నవ్వబోయి ఆగింది. ఇంకోసారి ఫొటో చూసి, దాన్ని తన కాలేజీవాళ్లకు పంపింది.

ఆదెన్న స్టూలు వదిలి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. దావీదురాజు రెండు ఫోన్లనూ చెరో చేతిలోకి తీసుకున్నాడు. “ఏది కట్టమంటారమ్మా?”

చౌడమ్మ ఐఫోన్ అడిగి తీసుకుని ముఖానికి ఎదురుగా పట్టింది. తాళం తెరుచుకుంది. అది మళ్లీ అతని చేతిలో పెట్టింది.

“ఆండ్రాయిడే ఇయ్యప్పా,” అంది. “ఇకమీద ఏ చీర ఫొటో తీసినా ఆ రంగు వస్తువును పక్కన పెట్టే తీస్తా. వంగపండుకు వంకాయ, ఉల్లిపొర రంగుకు ఎర్రగడ్డ.”