ఆదివారం ఫోను

మా వీధిలో ఆ పిల్లని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మగ్గాల షెడ్డు నుంచి బయటికొచ్చేసరికి జడలో, కనుబొమల మీద, చివరికి ముక్కు కొన మీద కూడా దూది పోగులు అంటుకుని ఉండేవి. అందుకని అందరికీ ఆమె పోగులమ్మాయే. నా ఫోను కొట్టు ఆ షెడ్డుకి ఎదురుగా ఉండేది. అప్పట్లో ఇంట్లో ఫోనున్నవాళ్ళు వీధికి ఒకరో ఇద్దరో. మిగతా జనమంతా నా దగ్గరికే వచ్చేవాళ్ళు, నా చేత తిట్లు తినేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు. నాకు ముక్కు మీద కోపమని పేరు. ఉంటే ఉండనీ. అంతమంది ఒక్కసారే మీద పడి "అక్కా, ముందు నాది కలుపు" అంటుంటే ముసిముసి నవ్వులు నవ్వుతూ కూర్చోలేం కదా.

పోగులమ్మాయిది మరమగ్గం మీద పని. యుద్ధానికి ముందు దుప్పట్లు నేసేవాళ్ళు. యుద్ధం మొదలయ్యాక గాయాలకి కట్టే పల్చటి తెల్లగుడ్డ తప్ప ఇంకోటి నేయలేదు. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే ఆ షెడ్డులో పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినపడదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి బయటికొచ్చాక కూడా అదే గతి. వాళ్ళ నాన్నకి అలాగే చెవులు పోయాయి. వెనక పిడుగు పడ్డా తిరిగి చూడడు. దాంతో వాళ్ళమ్మ గొంతు పెరిగిపోయింది. మొగుణ్ణి అన్నానికి పిలిచిందంటే మూడిళ్ళ అవతలివాళ్ళు కూడా కంచాలు కడుక్కునేవాళ్ళు.

ఆ పిల్ల మనసిచ్చినవాడు లారీ డ్రైవరు. షెడ్డు నుంచి గుడ్డల బేళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. బేళ్ళు ఎక్కేది గంటైతే ఇతగాడు నిలబడేది ఒక పూట. మాటతీరు మంచిది, మనిషీ మంచివాడే. రెండిళ్ళవాళ్ళూ సరేనన్నారు. ఇంతలో సైన్యానికి డ్రైవర్లు కావాలని కబురొచ్చింది, ఇతన్ని తీసుకుపోయారు.

వెళ్ళే ముందు నా కొట్టు నెంబరు అడగడానికి వచ్చాడు. పోగులమ్మాయి, వాళ్ళమ్మా నాన్నా కూడా వెంట ఉన్నారు. నేను పెద్దాయన్ని "కాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగితే, ఆయన "ఆఁ, లారీలో వెళ్తాడు" అన్నాడు. అంతే, వాళ్ళావిడ అందుకుంది.

"చూశావా వదినా? ఈ చెవిటి మనిషికి అరిచి అరిచి నా ఆయుష్షు సగం అయిపోయింది. నాకు పట్టిన గతి నా కూతురికి పట్టకూడదు. కాలు లేనివాడికైనా ఇస్తా గానీ, చెవుడున్నవాడికి మాత్రం చచ్చినా ఇవ్వను."

అందరం నవ్వాం. ఆ అబ్బాయి మాకంటే గట్టిగా నవ్వాడు.

ఆదివారాలు పొద్దున్నే సైన్యం క్యాంపుల నుంచి జవాన్లు వంతులవారీగా ఫోన్లు చేసుకునేవాళ్ళు. మా కొట్టు ముందు తల్లులూ, పెళ్ళాలూ, కాబోయే పెళ్ళాలూ కూర్చునేవాళ్ళు. గంట మోగితే అందరూ ఒక్కసారే లేచేవాళ్ళు. మొదట్లో ఆ అబ్బాయి గొంతు పక్కన నిలబడ్డ నాకే వినపడేది కాదు. ఈ పిల్ల రిసీవరుని చెంపకి అదిమేసుకుని, గోడవైపు తిరిగి, తనలో తను నవ్వుకునేది. తర్వాత నాకు కబుర్లన్నీ అప్పజెప్పేది. అతను ఫిరంగి గుండ్లు నింపుకుని, లైట్లు ఆర్పేసిన లారీ నడుపుతాడట. శత్రు విమానం కనపడితే కాపలావాళ్ళు ఈల వేస్తారట. ఈల వినగానే లారీ ఆపి గోతుల్లోకి దూకాలట.

"అందరికంటే ముందు గోతిలో ఉండేది తనేనట అక్కా. ఒట్టి పిరికివాడు" అని సంబరంగా చెప్పేది. పిరికి మొగుడు దొరికినందుకు అంత పొంగిపోయిన ఆడపిల్లని నేను మరొకతెని చూడలేదు.

ఒక ఆదివారం అతని ఫోను రాలేదు. పైవారం వచ్చింది. కానీ రిసీవరు ఈ పిల్ల చెవి దగ్గరుంటే మాటలు వీధిలోకి వినపడ్డాయి.

"లారీ పక్కనే గుండు పడింది! నాకేం కాలేదు! ఒంటిమీద గీత కూడా పడలేదు!"

"ఏమ్మా, మీ ఆయన యుద్ధం ఫోనులోనే చేసేస్తున్నాడే" అని వరసలో ఉన్నవాళ్ళు ఆటపట్టించారు. ఆమె సిగ్గుపడింది. బతికున్నాడు, అంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత అన్ని వారాలూ అవే అరుపులు. తను చెప్పాల్సింది గబగబా చెప్పేసి, "నువ్వెలా ఉన్నావు?" అని కాసేపు ఆగి, "ఊఁ, ఊఁ" అనేవాడు. ఒకరోజు ఈ పిల్ల, "నాన్నకి నాలుగు రోజుల నుంచి ఒకటే జ్వరం, లేవడం లేదు" అంది.

"మంచిది, మంచిది" అన్నాడు అవతల నుంచి హుషారుగా.

కొట్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఈ పిల్ల నవ్వలేదు. రిసీవరు పెట్టేసి వెళ్ళిపోయింది.

పై ఆదివారం ఫోను తీసుకుని పెదవి విప్పలేదు. పోట్లాడుకున్నారేమో అనుకున్నాను. "నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? వెనక కాచుకున్నవాళ్ళున్నారు, మాట్లాడు" అని కసిరాను. ఆమె చేత్తో నన్ను ఆగమని సైగ చేసి, రిసీవరు నావైపు తిప్పింది.

"ఊఁ... ఊఁ... అవునా?" అంటున్నాడతను. ఆగాడు. "చాల్లే, నవ్వించకు!"

ఈ పిల్ల గొంతులోంచి ఒక్క మాట వస్తే ఒట్టు.

జనం వెళ్ళాక బల్ల మీద కూలబడి చెప్పింది. "మా నాన్న కూడా ఇంతే అక్కా. ఇంటికెవరైనా వస్తే, వినపడటం లేదని తెలియనీయకుండా ఊఁ కొడతాడు. మధ్యమధ్యలో నవ్వుతాడు. గుండు పడ్డప్పుడే అతనికి చెవులు పోయాయి."

"అలాంటప్పుడు డాక్టరుకి చెప్పుకోవచ్చుగా? ఇంటికి పంపేస్తారు."

"పంపితే ఎందుకు పంపారో అందరికీ తెలుస్తుందిగా. అమ్మ ఆ రోజన్న మాట మనసులో పెట్టుకున్నాడు. అమ్మ నన్నివ్వదని భయం." మళ్ళీ తనే అంది. "అక్కా, అతనికి ఈల ఎలా వినపడుతుంది?"



ఉత్తరం రాసింది. లారీల దండు ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. ఉత్తరాలు నెలలకి గానీ చేరవు, చాలావరకు అసలే చేరవు. వరసలో కూర్చునేవాళ్ళ మనుషులంతా వేరే క్యాంపుల్లో ఉన్నారు, ఇతని దండులో మా ఊరివాడు ఒక్కడూ లేడు. అతని క్యాంపులో లైను కలిపేవాడికి చెబుదామని నేను కాచుకుని కూర్చున్నాను. వాడు "మాట్లాడండి" అని తప్పుకునేవాడు. "అయ్యా, ఒక్కమాట" అనేలోగా ఈ అబ్బాయి అరుపు మొదలయ్యేది. ఎంత విచిత్రమంటే, వారం వారం ఫోను వస్తోంది, మనిషి గొంతు గదంతా మోగుతోంది, చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పే దారి లేదు.

చివరికి ఇంట్లో చెప్పేసింది. వాళ్ళమ్మ గడప మీదే కూర్చుండిపోయిందట. "నా నోరు పడిపోను" అని లెంపలు వాయించుకుందట. "నాకిష్టమేనని చెప్పవే. వాణ్ణి ఎలాగోలా ఇంటికి రప్పించు" అందట.

నేనూ, ఆ పిల్లా కలిసి సైన్యం ఆఫీసుకి వెళ్ళాం. పొడుగాటి వసారా, గోడ పొడవునా బెంచీలు, బెంచీల నిండా ఆడవాళ్ళు. బల్ల వెనకున్న అధికారికి నిద్ర చాలక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టాడు.

"రోజూ ఎవరో ఒకరు వస్తారమ్మా. ఒకడికి కళ్ళు కనపడవంటారు, ఇంకొకడికి మూర్ఛ అంటారు. నువ్వూ వాడూ కలిసి ఆడుతున్న నాటకం కాదని నేనెలా నమ్మాలి?"

"పరీక్ష చేయించండి సార్. అబద్ధమైతే నన్ను జైల్లో పెట్టండి."

"నిన్ను కాదు, వాణ్ణి పెడతారు. రాసుకోమంటావా?"

ఈ పిల్ల బల్లకి ఇంకా దగ్గరికి జరిగింది. "రాసుకోండి" అంది. "కానీ నేనే చెప్పానని అతనికి చెప్పండి సార్. చెవులు పోయినా మా అమ్మకి ఇష్టమేనని చెప్పండి. అది తెలియకపోతే అతను ఒప్పుకోడు."

"మేమేమన్నా పోస్టుమ్యాన్లమా? ఫిర్యాదు ఎవరిచ్చారో జవానుకి చెప్పకూడదు. రూలు."

"ఆ ఒక్క ముక్క చెప్పకపోతే మీరు రాసుకున్నదంతా దండగ" అని నేను గొంతు పెంచాను. అతను నావైపు చూడనైనా చూడకుండా తర్వాతివాళ్ళని పిలిచాడు.

ఆ వారమంతా వాళ్ళింట్లో అందరికీ ఎక్కడో ఆశ. పరీక్షలో దొరికిపోతాడు, పంపేస్తారు అని. అతను వస్తే ఎక్కడ పడుకోబెట్టాలో కూడా మాట్లాడుకున్నారు. ఆదివారం తల్లీ కూతుళ్ళు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. జ్వరం నుంచి లేచిన పెద్దాయన కూడా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఫోను మోగింది.

"ఒక తమాషా చెప్పనా?" అన్నాడు. ఎన్నడూ లేనంత ఆనందం ఆ గొంతులో. "ఎవడో దరిద్రుడు నాకు చెవుడని పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు! నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. వెనక నుంచి ఇనప పళ్ళెం పడేశారు. చటుక్కున తిరిగి చూశా! డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం జేబులోనే ఉంది. వచ్చాక మీ అమ్మకి చూపిస్తా. ఏం, నీకు నేను చెవిటివాడిలా కనిపిస్తున్నానా? చెప్పు!"

చెప్పమని ఆగాడు.

"నేనే చెప్పాను!" అని అరిచింది ఈ పిల్ల. "నేనే! నాకు తెలుసు, అందరికీ తెలుసు, డాక్టరు దగ్గరికెళ్ళి నిజం చెప్పు! ఇంటికొచ్చెయ్!"

"నవ్వుతావని నాకు తెలుసు" అన్నాడతను.

వాళ్ళమ్మ రిసీవరు లాక్కుంది. మొగుడి కోసం ఏళ్ళ తరబడి పెంచుకున్న గొంతంతా అందులో పోసింది. "నాయనా, నీకు దణ్ణం పెడతా! చెవులు లేకపోతే పోయాయి, నువ్వే నా అల్లుడివి! వచ్చెయ్ నాయనా!" వీధిలో సైకిలు మీద పోతున్నవాళ్ళు ఆగిపోయారు. షెడ్డు కాపలావాడు పరుగున వచ్చాడు.

"ఊఁ, ఊఁ. సరే మరి. మీ అమ్మని అడిగానని చెప్పు" అన్నాడతను. లైను తెగింది.

పెద్దాయన మాత్రం ఇద్దరి పెదవులూ చూస్తూ నిలబడ్డాడు. ఇవతల అన్నదంతా ఆయనకి అర్థమైంది. "అవతల ఏమన్నాడు?" అని అడిగాడు.

పై ఆదివారం ఫోను రాలేదు. ఆ పైవారం అతని ఇంటికి సైన్యం కాగితం వచ్చింది, అతనిక లేడని. ఆ పిల్ల సెలవు కూడా పెట్టలేదు. మగ్గం దగ్గరికెళ్ళి నిలబడింది. ఆ మోతలో ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదని తర్వాతెప్పుడో నాతో చెప్పింది. నాకు మాత్రం కోపం తప్ప ఏడుపు రాలేదు. ఆ అధికారి మీద, ఆ రూలు మీద, గొంతుని అంత దూరం మోసుకొచ్చి ఊరికే పారబోసిన ఆ ఫోను మీద కోపం.

చలికాలంలో ఒక కుర్రజవాను కుంటుకుంటూ మా కొట్టుకి వచ్చాడు. ఆ అబ్బాయి లారీలో పక్కన కూర్చునే జతగాడు. పోగులమ్మాయిని షెడ్డు నుంచి పిలిపించాను. మంచినీళ్ళిచ్చి, బల్ల మీద ఎదురుగా కూర్చుంది.

"వినపడదని నాకొక్కడికే తెలుసమ్మా" అన్నాడు. "ఆగమంటే భుజం తట్టేవాణ్ణి, దూకమంటే చొక్కా పట్టి లాగేవాణ్ణి. ఆ రోజు నాకు జ్వరం. వేరేవాడు ఎక్కాడు. ఈల వేయగానే వాడు దూకేశాడు, మనవాడూ దూకాడనే అనుకున్నాడట."

ఆమె తలూపింది. "మరి డాక్టరు పరీక్ష?"

"నేను ఎదురుగా నిలబడ్డాను కదా. వెనక పళ్ళెం పడగానే కన్ను గీటాను, తిరిగాడు. ముందే అనుకున్నాం. పెళ్ళి చెడగొట్టడానికే ఎవడో చెప్పాడని వాడి బాధ. వాడెవడో దొరికితే వదలనని చివరిదాకా తిడుతూనే ఉన్నాడు."

"నేనే అన్నయ్యా" అందామె. "ఇంటికి పంపుతారని చెప్పాను. మా అమ్మ కూడా ఒప్పుకుంది."

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ సంగతి ఒక్కరైనా నాతో అనుంటే," అన్నాడు, "నేను కన్ను గీటేవాణ్ణి కాదమ్మా."