ఒబిస్పో కూర్చున్న చోటు

ఒబిస్పో అనే ఆ కుక్క అప్పటివరకూ ఒక్క ప్రాణాన్నీ కాపాడలేదు. ఆ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకటి ఆ కుక్క. రెండోవాడు దాని యజమాని దెల్ఫోర్ ఒయార్సో.

మిగతా లోకానికి తెలిసింది వేరు. మంచుచరియ కింద కూరుకుపోయిన ఏడుగురిని అది వాసన పట్టి, గోళ్లతో తవ్వి బయటికి లాగింది. వాళ్లలో ఒకడు ఇటలీ నుంచి వచ్చిన పాటగాడు. ఒకామె నిండు చూలాలు. దెల్ఫోర్ మొదట్లో ఇద్దరనే చెప్పేవాడు. ఇద్దరంటే జనం తలూపి వెళ్లిపోయేవారు. ఐదుగురంటే నోరు తెరిచేవారు. ఏడుగురనేసరికి ఫోటో దిగేవారు. అక్కడ ఆపేశాడు. ఎనిమిదంటే అబద్ధంలా వినిపిస్తుందని అతని అభిప్రాయం.

జూన్ మొదట్లో, భూమికి ఆ దక్షిణపు కొసన చలికాలం గుమ్మంలో నిలబడ్డ రోజుల్లో, నవెల్ వాపి సరస్సు ఒడ్డుకి వచ్చేవాళ్లకి పాపం పెద్దగా పనేమీ ఉండదు. స్కీ కొండ మీద ఇంకా రాళ్లు తేలి ఉంటాయి. గాలి ఒప్పుకుంటే పడవెక్కి దీవికి పోవచ్చు. ఒప్పుకోకపోతే ట్రూదే గారి హోటల్లో కిటికీ పక్కన కూర్చుని చిక్కటి చాక్లెట్ తాగవచ్చు. గుర్రాలు అద్దెకిచ్చే కుర్రుమీల్ దగ్గర ఒకటి తీసుకుని ఒడ్డు వెంట ఒక చుట్టు తిరగవచ్చు. హోటల్ వెనక అడవిలోంచి గట్టు మీదికి అరగంట నడవవచ్చు. ఇవన్నీ అయ్యాక, లేదా వీటిలో ఏదీ కుదరనప్పుడు, ఒబిస్పో పక్కన నిలబడి ఫోటో దిగాలి.

ఒబిస్పో అంటే బిషప్పు. కూనగా ఉన్నప్పుడే మెడ కింద ముడతలూ, నిదానమైన నడకా, తిండి ముందు పెట్టే గంభీరమైన మొహమూ చూసి దెల్ఫోర్ ఆ పేరు పెట్టాడు. మార్చమని చర్చి ఫాదరు రెండుసార్లు కబురంపాడు. దెల్ఫోర్ చిన్నప్పుడు సిస్టర్ల బడిలో, తరగతిలో కన్నా మోకాళ్ల మీదే ఎక్కువ కాలం గడిపినవాడు. మార్చలేదు.

ఆ కుక్కకి వచ్చిన విద్య ఒక్కటే. మనిషి కనిపిస్తే వెళ్లి ఎడమ పక్కన ఛాతీ విరుచుకుని కూర్చుంటుంది. ఇక కెమెరా టక్కుమంటేగానీ లేవదు. గాలి వీచినా, ఎదురుగా పిల్లి నడిచినా సరే. మనిషి లేకుండా మాత్రం ఎన్నడూ కూర్చోదు. పని లేనప్పుడు తడిసిన పరుపులా నేల మీద పరుచుకుంటుంది.

ఆ రోజు పొద్దున ఆకాశం సీసం రంగులో ఉంది. హోటల్లోంచి ఒక ముసలామె ఒంటరిగా ఒడ్డుకి దిగి వచ్చింది. పేరు ఎతెల్వినా. ఎనభై ఏళ్లుంటాయి. ఎండకి బల్లులు కూడా నీడ వెతుక్కునే ఉత్తరాది నుంచి కొడుకూ కోడలితో వచ్చింది. కుక్క మెడలో వేలాడే చిన్న చెక్క పీపాని వేలితో తట్టి చూసింది.

"ఇందులో ఏముంది అబ్బాయ్?"

దెల్ఫోర్‌కి అరవై దాటాయి. తనని అబ్బాయ్ అనే మనుషులు లోకంలో మిగల్లేదు.

"ముప్పై ఏళ్లనాటి బ్రాందీ, అమ్మగారూ."

"ముప్పై ఏళ్లు తాక్కుండా ఉంచావా? అయితే నువ్వు మగాడివైనా కాదు, అది బ్రాందీ అయినా కాదు."

దెల్ఫోర్‌కి ఆమె నచ్చింది. నచ్చినవాళ్లకి అతను ఫోటో అమ్మడు, మంచి కథ చెబుతాడు. చెప్పాడు. ఈ సరస్సు ఊపిరి తీస్తుందట. మొదటి మంచు పడే పూట ఆ పై గట్టు మీంచి చూస్తే నీళ్లు ఛాతీలా లేచి దిగడం కంటికి కనిపిస్తుందట. చూసినవాళ్లకి ఇంకో పదేళ్ల ఆయుష్షు కలుస్తుందట.

"మీ ఆవిడ చూసిందా?"

"చూడలేదు. అందుకే పోయింది."

ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని కొడుకు నికానోర్ హోటల్లోంచి పరుగున వచ్చాడు. మెడకి మఫ్లరు, చేతిలో ఆమె శాలువా.

"అమ్మా, చెప్పకుండా బయటికి రావద్దన్నానా లేదా?" అని దెల్ఫోర్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈమెకిలాంటివి చెప్పకండి సార్. కిందటి నెల బజారుకెళ్లి ఇల్లు మరిచిపోయింది. ఊరంతా వెతికాం. ఇంకొక్కసారి తప్పిపోతే సిస్టర్ల ఆశ్రమమేనని నేనూ మా ఆవిడా తేల్చేశాం. గది కూడా చూసి వచ్చాం."

"ఇల్లు మరిచిపోలేదు," అంది ఎతెల్వినా. "ఇంటికి రాబుద్ధి కాలేదు. నీకా తేడా తెలియదు, మీ నాన్నకీ తెలిసేది కాదు."

కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె ఒకసారి తలెత్తి గట్టు వైపు చూసింది. దెల్ఫోర్ ఆ చూపు గమనించాడు. గమనించి కూడా కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ మంచు మొదలైంది. మొదట పిండి జల్లించినట్టు, తరవాత దిండ్లు చింపినట్టు. దెల్ఫోర్, కుర్రుమీల్ గుర్రాల పాక చూరు కింద చేరి, ఒకే గొట్టంతో మాతే కషాయం వంతులవారీగా పీలుస్తున్నారు. ట్రూదే గారు కోటు కూడా లేకుండా మంచులోకి పరిగెత్తుకొచ్చింది. నలభై ఏళ్లలో ఆమె పరిగెత్తడం ఎవరూ చూడలేదు.

"పెద్దావిడ గదిలో లేదు. బూట్లు లేవు. భోజనాలయ్యి అందరూ కునుకు తీస్తుంటే వెళ్లిపోయింది."

నికానోర్ వెనకే వచ్చాడు. మొహంలో రక్తం లేదు. కళ్లు నేరుగా కుక్క మీద వాలాయి.

"ఏడుగుర్ని తీసింది కదా ఇది. మా అమ్మని తీసుకురండి. ఇదిగో, ఆమె శాలువా."

చుట్టూ చేరిన పనివాళ్లు, అతిథులు, అందరూ దెల్ఫోర్‌నే చూస్తున్నారు. అతను శాలువా తీసుకుని ఒబిస్పో ముక్కు దగ్గర పెట్టాడు. ఒబిస్పో దాంతో మూతి తుడుచుకుంది.

కుర్రుమీల్ జీను బిగిస్తూ దగ్గరికొచ్చాడు. "బావా, నేను రోడ్డు వెంట పోతా. వీళ్లు ఒడ్డు వెంట చూస్తారు. నువ్వు..." మామూలుగా అయితే ఎనిమిదో ప్రాణమా అని ఎకసెక్కమాడేవాడు. ఈసారి ఆడలేదు. అందుకే దెల్ఫోర్‌కి భయం వేసింది.

"నేను గట్టు మీదికి పోతా," అన్నాడు.

వాసనతో పని లేదు. ఆమె ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు. తనే పంపాడు.

అడవిలో దారి అప్పటికే చెరిగిపోయింది. అడుగుల జాడ ఉంటే ఉండాలి, కాని ఆకాశం ఒక్కోదాన్నీ శ్రద్ధగా పూడ్చుకుంటూ వచ్చింది. కొయ్వే మానులు మంచు బరువుకి మూలుగుతున్నాయి. దెల్ఫోర్ పదడుగులకోసారి ఆగి అరిచాడు. "అమ్మగారూ! ఎతెల్వినమ్మా!" గాలి ఆ మాటని నోటి దగ్గరే లాగేసుకుంది. ఆ గాలి సంగతి అతను పర్యాటకులకి ఎన్నోసార్లు చెప్పాడు: ఒకసారి తన టోపీ ఎగరేసుకుపోయి, మరుసటేడు దాన్నే తిరిగి తెచ్చిందని. ఇప్పుడు ఆ కథ గుర్తొచ్చి నాలిక చేదెక్కింది.

ఒబిస్పోకి ఈ వ్యవహారం నచ్చలేదు. మలుపుకోసారి పడుకుంది. జేబులో సాసేజి ముక్క చూపిస్తే లేచి నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంది. గట్టు చేరేసరికి సాసేజి అయిపోయింది. గట్టు మీద ఎవరూ లేరు. కింద సరస్సు కూడా లేదు, తెల్లటి గోడ తప్ప. ఇంకో గంటలో చీకటి పడుతుంది. ఉత్తరాది ఎండల్లో పెరిగిన ఎనభై ఏళ్ల ఒంట్లో వేడి అప్పటిదాకా నిలుస్తుందా?

"అమ్మగారూ!"

జవాబు లేదు. కొంచెం కిందికి దిగి, దారి పక్కనున్న వెదురు పొదల దగ్గర మళ్లీ పిలిచాడు. లేదు. వెనక్కి చూస్తే ఒబిస్పో రావడం లేదు. వేళ్లతో సహా పడిపోయిన ఒక పెద్ద మాను దగ్గర, మంచులో, అతనికి ఎదురుగా ఛాతీ విరుచుకుని కూర్చుంది.

"లే," అన్నాడు దెల్ఫోర్. లేవలేదు. గొలుసు పట్టి లాగాడు. రాతి విగ్రహంలా ఉండిపోయింది. "ఇక్కడ ఎవడున్నాడని నీ దర్జా? ఎవడి ఫోటో తియ్యమంటావ్ రా?"

ఆ మాట అన్నాక అతను గొలుసు వదిలేశాడు.

మనిషి లేందే అది కూర్చోదు.

మంచులో పాకుతూ వెళ్లి కుక్క కుడి పక్కన చేయి పెట్టాడు. చెయ్యి భుజం దాకా దిగిపోయింది. మాను పడ్డప్పుడు వేళ్లు పెకలించుకుపోయిన గొయ్యి. దాని మీదికి వెదురు వాలి, మంచు కప్పు వేసింది. రెండు చేతులా తవ్వాడు. లోపల గోధుమరంగు కోటు, దాని మీద నీలంగా ఒక మొహం. కళ్లు తెరిచే ఉన్నాయి.

"నువ్వా," అంది ఎతెల్వినా. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఇన్నిసార్లు పిలిస్తే పలకలేదేం?"

"పలికితే దొరికిపోనూ?"

దెల్ఫోర్‌ కుక్క మెడలోంచి గొలుసు విప్పాడు. ఆమె చంకల కింద గొలుసు వేసి, మాను కొమ్మకి కాలు తన్నిపెట్టి లాగాడు. బయటికొచ్చింది. ఎముకలు విరగలేదు. అరచెయ్యి దోక్కుపోయింది, టోపీ పోయింది, చేతులు చెక్కలా ఉన్నాయి. ఆమె తడుముకుంటూ పీపా పట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. మూతకోసం వెతికింది. మూత లేదు.

"ఇది ఉత్త చెక్క మొద్దు."

"అవునమ్మా."

"మొత్తం మొద్దేనా?"

"మొత్తం."

ఆమె కళ్లు మూతపడుతున్నాయి. కోటు విప్పి ఆమె మీద కప్పాడు, చాలలేదు. ఆ కొండ మీద వేడిగా ఉన్నది ఒక్కటే, ఒబిస్పో ఒళ్లు. అదేమో ఆమె ఎడమ పక్కన, ఇంకా, ఛాతీ విరుచుకుని, కెమెరా కోసం ఎదురుచూస్తోంది. దెల్ఫోర్ చొక్కాలోంచి కెమెరా తీశాడు. తీసిన వెంటనే ఫోటో బయటికి కక్కే రకం. వేళ్లకి స్పర్శ లేదు. మీట కనిపిస్తోందిగాని నొక్కబడడం లేదు. చివరికి గడ్డంతో నొక్కాడు.

టక్కుమంది.

ఒబిస్పో లేచి, ఒళ్లు దులుపుకుని, ఉద్యోగం అయిపోయినవాడిలా ఆ ముసలామె ఒళ్లో అడ్డంగా పరుచుకుంది. ఆమె దాని మెడ ముడతల్లోకి రెండు చేతులూ దోపింది. దెల్ఫోర్ ఆమె పాదాలు రుద్దాడు. నీలం మెల్లగా బూడిదయింది, బూడిద మెల్లగా మనిషి రంగయింది.

"సరస్సు ఊపిరి తియ్యదు కదూ," అంది.

"తీస్తుందేమో. నేనెప్పుడూ చూళ్లేదు."

"ఆ ఆశ్రమం గది చూపించారు నాకు. కిటికీ తెరిస్తే గోడ. నువ్వు నన్ను గోతిలోంచి తీశానని చెబితే రేపే పంపేస్తాడు."

చంకలో పెట్టి వెచ్చబెట్టిన ఫోటో అప్పుడే తేలుతోంది. అందులో అన్నీ ఉన్నాయి: తవ్విన గొయ్యి, దాని అంచున వాలిన ముసలామె, పక్కన దర్జాగా కుక్క. ఇన్నేళ్లలో అతని చేతిలోకొచ్చిన ఒకే ఒక నిజం. ఇది హోటల్ గోడకి తగిలిస్తే ఇక నోరు విప్పి ఏమీ చెప్పనక్కర్లేదు. దెల్ఫోర్ దాన్ని కాసేపు చూశాడు. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాడు. రవికలోకి తోసేసుకుంది.

దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ హోటల్ తలుపు తోసుకుని లోపలికొచ్చారు. ముందు ఎతెల్వినా, కుక్క మెడపట్టీ పట్టుకుని. వెనక దెల్ఫోర్. హాలంతా లేచి నిలబడింది.

"చూడండి ఈ పెద్దమనిషిని," అంది ఆమె. "గాలి పీల్చుకుందామని గట్టెక్కితే, దారి తప్పి పొదల్లో కూలబడి ఉన్నాడు. నేను లేవదీయకపోతే అక్కడే గడ్డకట్టేవాడు. చెయ్యి కూడా దోక్కుపోయింది, ఇదిగో, వీణ్ణి లాగడంలో."

నికానోర్ తల్లినీ, దెల్ఫోర్‌నీ మార్చి మార్చి చూశాడు. "నిజమేనా సార్?"

కుర్రుమీల్ మీసాల నిండా మంచుతో గుమ్మంలో ఉన్నాడు. ట్రూదే గారు, వంటవాళ్లు, ఏడుగురి కథ విని ఫోటో దిగినవాళ్లు, అందరూ చూస్తున్నారు. దెల్ఫోర్ టోపీ తీశాడు.

"నిజమే. ఆమె రాకపోతే ఇద్దరం పోయేవాళ్లం."

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత హాలంతా నవ్వింది. "అప్పటికి ఏడుస్తున్నాడు కూడా," అంది ఎతెల్వినా, చాక్లెట్ కప్పు అందుకుంటూ. "కుక్క కూడా ఏడ్చింది." దెల్ఫోర్ తలూపాడు. కుక్క ఏడుపు దాకా పోకుండా ఉండాల్సిందని మాత్రం లోపల అనుకున్నాడు. అది ఎనిమిదంటున్నట్టు వినిపించింది.

కుర్రుమీల్ అతని పక్కకొచ్చి గుసగుసలాడాడు. "బావా, ఆమె కోటు లోపలిదాకా మంచుంది. నీ కోటేమో ఆమె ఒంటి మీదుంది."

"అయితే?"

"అయితే ఏం లేదు. మాతే తాగుదాం రా."

మర్నాడు ఎండ కాసింది. ఆ ఆశ్రమం గది మాట ఇప్పుడు వద్దులే అని నికానోర్ పెళ్లాంతో అనడం ట్రూదే గారు వింది. ఒడ్డున వచ్చినవాళ్లంతా, ముసలామె కాపాడిన కుక్క ఇదేనా, అని అడుగుతూనే ఉన్నారు. ఇదేనన్నాడు దెల్ఫోర్, ప్రతివాడికీ. ఎతెల్వినా కుర్రుమీల్ గుర్రం మీంచి దిగి వాళ్ల మధ్యలోంచి నడిచి వచ్చింది. పరుపులా పడున్న ఒబిస్పో లేచి, ఆమె ఎడమ పక్కకి చేరి, ఛాతీ విరుచుకుని కూర్చుంది.

"అమ్మకి కూడా ఒకటి తియ్యండి," అన్నాడు నికానోర్.

"నాకొద్దు," అంది ఆమె, రవిక మీద చెయ్యి వేసుకుని. తరవాత కుక్క వైపు చూసింది. అది కదల్లేదు. "సరే, నొక్కు అబ్బాయ్. ఇదేమో లేవదు, నాకేమో చలేస్తోంది."