ముందరి గదిలో మా కోడలి క్లాసు

మా కోడలు పోయిందని ఫోను వచ్చినప్పుడు ముందరి గదిలో పిల్లలు ఆమె కోసమే కూర్చుని ఉన్నారు. రొమ్ములో ఏదో పట్టేసినట్టుందని, బళ్ళారిలో చూపించుకుని మధ్యాహ్నం క్లాసు వేళకు వచ్చేస్తానని చెప్పి పొద్దున తానే బస్సెక్కింది. ఆస్పత్రిలోనే గుండె ఆగిపోయిందట. నేను భయపడని సంగతంటూ లేదు. రోడ్డంటే భయం, కరెంటంటే భయం, పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే భయం. ఆమె గుండె గురించి మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఆమెను తెచ్చే బండి ఖనిజం లారీల వెనకాల చిక్కుకుని, ఇంటికి చేరేసరికి పొద్దు కూకింది.

యశ్వంతనగర్‌లో మా ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ఇనుప గనుల నుంచి లారీలు ఎర్ర దుమ్ము లేపుకుంటూ తెంపు లేకుండా పోతుంటాయి. వేసవి సెలవుల్లో వాటి మీద క్లీనర్లుగా ఎక్కిన పిల్లలు కొందరు మళ్ళీ బడి ముఖం చూడలేదు. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా కోడలికి అది కడుపులో పెట్టుకున్న బాధ. ఒక వేసవిలో ముందరి గది ఖాళీ చేసి పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టింది. వెబ్ పేజీలు చేయడం, ప్రోగ్రాములు రాయడం నేర్పుతానంది. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

"ఇంతమంది పిల్లోళ్ళు, ఇన్ని వైర్లు. ఎవరికన్నా షాక్ కొడితే ఏం జేస్తావమ్మా?"

"నువ్వు వాకిట్లో కూర్చుని చూస్తాండు అత్తా. నీ కంట పడకుండా ఏమీ జరగదు."

అట్లా నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్రతి వేసవీ కూర్చున్నాను.

పిల్లలు కాళ్ళు కడుక్కునిగానీ లోపలికి రాకూడదు. క్లాసు అయిపోగానే మా కోడలు ఆ ఎర్ర దుమ్ము పడకుండా నా పాత నూలు చీరలు కంప్యూటర్ల మీద కప్పేది. ఫ్యాను కొంచెం మెల్లగా తిరిగితే చాలు, కరెంటు పోతుందేమోనని వంటింట్లో ఉన్నా "సేవ్ చేసినారా?" అని కేక వేసేది. అన్నం తిన్నారా అని అడిగినంత మామూలుగా అడిగేది. ఒకసారి చపాతీలు ఒత్తుతున్న నన్నూ అదే అడిగి, తానే పడీ పడీ నవ్వింది.

ఒకనాడు పిల్లలంతా కలిసి ఒక ప్రోగ్రాం రాశారు. పేరు, మార్కులు కొడితే పాసో ఫెయిలో అది చెబుతుంది. చప్పట్లు కొట్టుకుంటున్నారు. మా కోడలు నా వైపు తిరిగింది.

"అత్తా, దీన్ని చూస్తే నీకేం భయమేస్తాది?"

నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, నాకేం తెలుసు? అయినా నోరు ఊరుకోదు కదా. "మార్కులు కొట్టేకాడ ఎవడన్నా వాని పేరు కొడితే?"

ఒక పిల్ల అట్లాగే కొట్టింది. కంప్యూటర్ బిగుసుకుపోయింది. పిల్లలు గొల్లున నవ్వారు.

"నవ్వింది చాలు," అంది మా కోడలు. "మా అత్తకుండే భయంలో సగం మీకుంటే మీ ప్రోగ్రాం నిలబడతాది. కూర్చోండి, సరిచేద్దాం."

నా భయాన్ని అందరూ విసుక్కున్నవాళ్ళే. మా ఆయన, మా అబ్బాయి, నేను కూడా. దానికీ ఒక పని ఉందని చెప్పింది ఆమె ఒక్కతే. ఆ తరవాత ఒక పిల్ల తన వెబ్ పేజీలో ఇంటి అడ్రసు, ఫోను నంబరు పెడితే నాకు దొంగలు గుర్తుకొచ్చి గోల చేశాను. ఆమె నవ్వలేదు. అందరి చేతా తీయించింది.

మా కోడలు పోయిన మూడో రోజు ఇంట్లో ప్రార్థన అయింది. పాస్టరుగారు వెళ్ళిన కాసేపటికే ఒక ట్రాన్స్‌పోర్టాయన తన ఆఫీసు బోర్డుతో సహా దిగాడు. రోడ్డు మీది గది, ఆఫీసుకు కావాలని ముందు నుంచే అడుగుతున్నాడు.

"ఆమే లేకపోతే ఇంక క్లాసు యాడిది అమ్మా? గది ఇచ్చేస్తా," అన్నాడు మా అబ్బాయి. ఆ గదిలోకి చూడలేక అంటున్నాడని నాకు తెలుసు. కానీ కంప్యూటర్లు ఒకసారి బయటికి పోతే మళ్ళీ రావని నాకు భయమేసింది.

గేటు దగ్గర పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దది, లారీ డ్రైవరు కూతురు, పదో తరగతి దాటి పీయూసీ చదువుతోంది. మొదటి వేసవి నుంచీ మా కోడలి దగ్గర నేర్చుకున్న పిల్ల.

"అవ్వా, తలుపు తీయి. మిస్ చెప్పిందాని వరకూ నాకొస్తాది. చిన్నోళ్ళకు నేను చెప్తా."

"నీకు రానిది వస్తే?"

"రాదని చెప్తా అవ్వా. మిస్ కూడా అట్లనే చెప్తాండె."

తాళం తీశాను. పిల్లలు లోపలికి పోయి కూర్చున్నారు.

మా అబ్బాయి నా మీదికొచ్చాడు. "ఏంది అమ్మా ఇది? రేపు ఏమన్నా అయితే?"

"అయితాదేమో నాయనా, నాకూ భయంగానే ఉండాది. ఈళ్ళను పంపిస్తే ఆ లారీల నడుమ తిరుగుతారు. ఈడుంటే నా కళ్ళ ముందర ఉంటారు."

వాడు గుమ్మంలోంచి గదిలోకి చూశాడు. తరవాత ట్రాన్స్‌పోర్టాయనతో అన్నాడు: "ఈ సెలవులు అయిపోయి బడి తెరిచేదాకా ఆగప్పా."

"అంతవరకూ నా లారీలు ఆగుతాయా అన్నా?"

"ఆగకపోతే వేరే గది చూసుకో."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. మళ్ళీ వస్తానని బోర్డును మాత్రం ఇక్కడే వదిలిపోయాడు. బడి తెరిచాక ఏమవుతుందో, ఆ పిల్ల ఎన్నాళ్ళు చెప్పగలదో నాకు తెలియదు. తలుచుకుంటే నిద్ర పట్టదు.

బోర్డు మా ప్రహరీకి ఆనించి ఉంది, రాతలున్న వైపు గోడకు తిప్పి. వీపు మీద ఎర్ర దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ములో పిల్లలెవరో వేలితో గుర్తులు గీశారు, ఇటొక కొక్కెం, అటొక కొక్కెం, నడుమ ఏవో ఇంగ్లీషు అక్షరాలు. వెబ్ పేజీ మొదలుపెట్టేది వాటితోనేనట. లారీ పోయినప్పుడల్లా అవి కొంచెం పూడిపోతాయి. లోపలికి పోతూ పోతూ ఎవరో ఒక పిల్ల ఆగి, మళ్ళీ దిద్దిపోతుంది.