ఉత్తుత్తి రసీదుతో రేవుకెళ్ళిన నంది

ఒక రాతి నందిని చెన్నై రేవు గేటు బయట ఎండలో నిలబెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుతానంటే చెబుతాను.

ఊళ్ళోకి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులు. నంద్యాలలో ఒక నెట్ సెంటర్లో పనిచేస్తూ, నేల మీద కాలు ఆనకుండా తిరిగేవాణ్ణి. ఆళ్ళగడ్డ శిల్పి వీరాచారి చెక్కిన నంది సింగపూర్‌లో ఒక గుడికి ఓడలో పోవాలి. ఆయన విగ్రహాల్లో పరాయి దేశానికి పోతున్నది ఇదే మొదటిది. ఆ ఓడ తప్పితే ప్రతిష్ఠ ముహూర్తమూ తప్పుతుంది, ఆయన పేరూ పోతుంది.

రేవు రుసుముకు బ్యాంకులో డ్రాఫ్టు తీస్తానన్నాడు ఆచారి. నెట్‌లో కడదామని ఆయన ప్రాణం తోడేశాను.

"చేతికి తగలని దుడ్లు యాడికి పోతాయో ఎవురికి తెల్సప్పా?" అన్నాడు.

"నాకు తెలుసన్నా" అన్నాను. ఆ ధైర్యం చూడండి!

ఆచారి ఇంటిల్లిపాదీ మా నెట్ సెంటర్‌కు వచ్చారు. కంప్యూటరుకు బొట్టు పెట్టి టెంకాయ కొట్టారు. నేను పెళ్ళికొడుకులా కూర్చుని బటన్ నొక్కాను. రసీదు వచ్చింది. బ్యాంకు పాస్‌వర్డ్ అడగనే లేదు. నా దర్జా చూసి మినహాయించిందనుకున్నాను. ఆ రసీదుతోనే నంది రాత్రికి రాత్రి లారీలో చెన్నై బయల్దేరింది.

మర్నాడు మధ్యాహ్నం రేవు ఏజెంటు ఫోన్ చేశాడు. ఓడ సాయంత్రం కదులుతుందట, మా రసీదు చెల్లదని నందిని గేటు బయటే ఆపేశారట, రసీదు అడుగున 'అభ్యాసం కోసం మాత్రమే' అని ఉందట. అంతకుముందు నేర్చుకోవడానికి తెరిచిన నమూనా పేజీలోనే నేను ఆ పూజంతా జరిపించాను. ఆళ్ళగడ్డకు ఫోన్ చేస్తే ఆచారి దొరికిన జీపెక్కి వచ్చాడు. ఏడుపు గొంతుతో ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన అడిగింది ఒక్కటే. "అంటే, నా దుడ్లు బ్యాంకులోనే ఉండాయా?"

"ఉన్నాయన్నా."

"మరి ఏడుస్తాండావెందుకు? ఇన్నేండ్లలో ఎవుని చేతిలో పెట్టిన దుడ్లూ ఇట్ల నిలబల్లేదు. ఈ మిషన్ను నమ్మొచ్చు. ఈసారి నిజంగా నొక్కు."

నొక్కాను. నంది ఓడెక్కింది. ఆ తర్వాత ఆచారి డ్రాఫ్టు మాటే ఎత్తలేదు. నేను వారంపాటు చెప్పినా కలగని నమ్మకం నా తెలివితక్కువతనం ఒక్క పూటలో కలిగించింది.

అందుకే సాక్షాత్తూ ఆ నందీశ్వరుని మీద ఒట్టేసి చెబుతున్నాను: తెర మీది చివరి అక్షరం చదవందే ఇక ఏ బటనూ నొక్కను, వెనక వరుసలో జనం ఎంత విసుక్కున్నా సరే.